ముదిరిన క్యాన్సర్‌లో స్వీయ నిర్వహణ: నర్సుల తోడ్పాటుపై ఒక సమీక్ష

క్యాన్సర్ పుట్టిన చోటు దాటి కాలేయానికో, ఎముకలకో, ఊపిరితిత్తులకో పాకినప్పుడు, లేదా పుట్టిన చోటనే పూర్తిగా తొలగించడానికి వీల్లేనంతగా పెరిగిపోయినప్పుడు, దానిని ముదిరిన క్యాన్సర్‌గా పరిగణిస్తారు. ఒకప్పుడు ఈ దశకు చేరినవారిలో చాలామందికి మిగిలేది కొద్ది నెలల కాలమే. కణంలోని నిర్దిష్టమైన లోపాన్ని గురిపెట్టే మందులు, శరీరపు సొంత రోగనిరోధక శక్తిని కణితి మీదికి మళ్లించే మందులు గడచిన పాతికేళ్లలో అందుబాటులోకి రావడంతో, కొన్ని రకాల క్యాన్సర్లలో ఈ కాలం ఏళ్లకు పెరిగింది. వీటిలో చాలా మందులు ఇంట్లో మింగే మాత్రలే కావడం వల్ల చికిత్స బరువులో పెద్ద భాగం ఆసుపత్రి వార్డు నుంచి ఇంటి వరండాకు చేరింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు బయటపడగా, 9 లక్షలకు పైగా మరణాలు సంభవించాయి. జబ్బు ముదిరాకగాని ఆసుపత్రి గడప తొక్కనివారు ఎక్కువగా ఉన్న దేశంలో ఈ అంకెల వెనుక ఉన్న ఇళ్లన్నింటిలోనూ ఒకే రకమైన ప్రశ్నలు తలెత్తుతాయి. నొప్పి మాత్ర ఎన్ని గంటలకు వేయాలి, కీమో ఇచ్చిన పదో రోజు జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నం సహించకపోతే ఏం పెట్టాలి, ఇంకో విడత చికిత్సకు ఒప్పుకోవాలా వద్దా?

ఈ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ, లక్షణాలను, మందులను, మనసులోని దిగులును, మారిపోయిన కుటుంబ బాధ్యతలను రోగి తన చేతనైనంతలో తానే చక్కబెట్టుకోవడాన్ని వైద్య, నర్సింగ్ శాస్త్రాలు స్వీయ నిర్వహణ అంటాయి. ఎవరు నేర్పినా నేర్పకపోయినా రోగులు, వారి కుటుంబాలు ఈ పనిని ఎలాగూ చేస్తూనే ఉన్నారు. వారికి తెలిసిన మనిషి తోడు ఉందా, లేక చీకట్లో తడుముకుంటున్నారా అన్నదే అసలు ప్రశ్న. ఆ తోడు ఇవ్వడానికి అందరికంటే అనువైన స్థానంలో ఉన్నది నర్సు అనే వాదనకు ఉన్న ఆధారాలను, దాని హద్దులను, తెలుగు నేల మీద అది ఆచరణలోకి రావడానికి కావలసిన ఏర్పాట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

భావన ఎక్కడి నుంచి వచ్చింది

స్వీయ నిర్వహణ అనే భావన క్యాన్సర్ వైద్యంలో పుట్టలేదు. ఉబ్బసం ఉన్న పిల్లలతో పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ క్రీర్ 1970లలో దానిని వాడుకలోకి తెచ్చాడు. అదే దశాబ్దపు ఆరంభంలో, 1971లో, డొరోథియా ఓరెమ్ తన నర్సింగ్ సిద్ధాంతాన్ని ప్రచురిస్తూ, మనిషి తన సంరక్షణ తాను చేసుకోలేని మేరకు ఆ లోటును పూరించడమే నర్సు పని అని ప్రతిపాదించింది. 1980లలో జూలియట్ కార్బిన్, ఆన్‌సెల్మ్ స్ట్రాస్ దీర్ఘవ్యాధులతో బతికేవారి జీవితాలను దగ్గరగా పరిశీలించి, వారి మీద మూడు రకాల పనులు పడుతున్నాయని చూపారు. మొదటిది వైద్యపరమైన పని, రెండవది ఇల్లాలిగా, సంపాదనపరుడిగా, తల్లిగా, తండ్రిగా తన పాత్రను నిలబెట్టుకునే లేదా మార్చుకునే పని, మూడవది భయాన్నీ కోపాన్నీ దుఃఖాన్నీ తట్టుకునే పని. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ మొదట కీళ్లవాతం రోగుల కోసం, తరువాత ఇతర దీర్ఘవ్యాధుల కోసం రూపొందించిన శిక్షణ తరగతులు ఈ ఆలోచనను ఆచరణలోకి దించాయి. ఈ పని తన వల్ల అవుతుందన్న నమ్మకం మనిషి ప్రవర్తనను మారుస్తుందని ఆల్బర్ట్ బందురా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఆ తరగతులకు ప్రధానమైన ఆధారంగా నిలిచింది.

అయితే మధుమేహానికీ ఉబ్బసానికీ సరిపోయే నమూనాను ముదిరిన క్యాన్సర్‌కు యథాతథంగా అతికించడం కుదరదు. మధుమేహంలో రోగి శ్రద్ధగా ఉంటే రక్తంలో చక్కెర అదుపులో ఉంటుందని, ఆ అంకె చూసి విజయాన్ని లెక్కగట్టవచ్చని అనుకోవడానికి వీలుంది. ముదిరిన క్యాన్సర్‌లో రోగి ఎంత శ్రద్ధ చూపినా జబ్బు తన దారిన తాను ముందుకు సాగవచ్చు. రోగి శక్తి వారం వారానికీ మారుతుంది, నిన్న సొంతంగా చేసుకున్న పని నేడు చేతకాకపోవచ్చు. అందువల్ల ఇక్కడ గెలుపోటములను కొలవవలసింది కణితి పరిమాణంతో కాదు. బాధ ఎంత తగ్గింది, మిగిలిన కాలంలో రోగి తనకు విలువైన జీవితాన్ని ఎంతవరకు గడపగలిగాడు అన్నవే కొలమానాలు. ఈ తేడాను గుర్తించకుండా స్వీయ నిర్వహణ గురించి మాట్లాడితే, జబ్బు ముదరడానికి రోగి అశ్రద్ధే కారణమన్న క్రూరమైన నిందకు దారితీసే ప్రమాదం ఉంది.

రోగి మీద పడే పనులు

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఎరాస్మస్ వైద్య కేంద్రానికి చెందిన పరిశోధకుల బృందం ముదిరిన క్యాన్సర్ రోగుల అనుభవాల మీద అప్పటివరకు వెలువడిన అధ్యయనాలను క్రోడీకరించి 2020లో ఒక సమీక్షను ప్రచురించింది. రోగులు చేసుకునే పనులను అది ఏడు రంగాలుగా వర్గీకరించింది: మందుల వాడకం, జీవన శైలి, మానసిక ఆరోగ్యం, ఇతరుల ఆసరా, సమాచార సేకరణ, వైద్య వ్యవస్థలో దారి వెతుక్కుంటూ రకరకాల సేవలను సమన్వయం చేసుకోవడం, చికిత్సకు సంబంధించిన నిర్ణయాలు. స్వీయ నిర్వహణను మాత్రలు వేళకు మింగడంగా కుదించి చూసేవారికి ఈ జాబితా కనువిప్పు కావాలి. ఏడింటిలో మందులకు చెందినది ఒక్కటే. పైగా ఈ పనులను చేయాలన్న ఇష్టం, చేయగల శక్తి అందరిలో ఒకేలా ఉండవు. కొందరు ప్రతి పరీక్ష ఫలితాన్నీ తామే చదువుకోవాలనుకుంటారు, కొందరు ఆ బరువును కొడుకుకో కూతురికో వైద్యుడికో అప్పగించి నిశ్చింతగా ఉండాలనుకుంటారు. ఈ రెండో తీరును కూడా గౌరవించగలిగినప్పుడే తోడ్పాటుకు అర్థం ఉంటుంది.

నర్సు తోడ్పాటు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే నొప్పిని దగ్గరగా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మందులను నోటి ద్వారా, నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా గడియారం ప్రకారం ఇవ్వాలని మార్గదర్శకాలను వెలువరించింది. సాధారణ మార్ఫిన్ మాత్ర ప్రభావం దాదాపు 4 గంటలు ఉంటుంది. కాబట్టి నొప్పి లేచాక వేసుకునేవారు రోజంతా దాని వెనక పరుగెత్తవలసివస్తుంది, వేళకు వేసుకునేవారు దానికంటే ఒక అడుగు ముందుంటారు. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టకపోతే, మలబద్ధకంతో విసిగిన రోగి నొప్పి మందునే మానేస్తాడు. మొదటి రోజుల్లో కలిగే వికారం, మగత చాలామందిలో కొద్ది రోజులకే తగ్గిపోతాయన్న ఒక్క మాట ముందుగా చెప్పి ఉంచితే ఆ మానేయడం తప్పుతుంది. మార్ఫిన్ అంటే ఆఖరి మందు అన్న భయం, అలవాటు పడిపోతామన్న భయం అడగనిదే బయటికి రావు. వాటిని అడిగి, విని, తీర్చడానికి రోగితో కూర్చోగల సమయం చాలాసార్లు నర్సుకే ఉంటుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిస్టీన్ మియాస్కోవ్‌స్కీ బృందం ఎముకలకు పాకిన క్యాన్సర్‌తో నొప్పి పడుతున్నవారి మీద ఈ పద్ధతిని పరీక్షించి 2004లో ఫలితాలను ప్రకటించింది. నర్సులు రోగుల ఇళ్లకు వెళ్లి, ఫోన్ చేసి, మందులను పూటలవారీగా సర్దుకునే డబ్బాను, నొప్పిని రోజూ రాసుకునే పుస్తకాన్ని వాడడం నేర్పారు. మందు చాలకపోతే వైద్యుడితో ఏ మాటల్లో చెప్పాలో కూడా సాధన చేయించారు. మామూలు సేవలు అందుకున్నవారితో పోలిస్తే ఈ రోగుల నొప్పి చెప్పుకోదగినంతగా తగ్గింది. తెలుగు రోగుల విషయంలో కొలత అలవాటైన భాషలో ఉండాలి. సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటే తడబడే పెద్దవారు రూపాయిలో పావలా వంతు తగ్గిందనో, అర్ధరూపాయి వంతు తగ్గిందనో సులువుగా చెప్పగలరు.

ఆయాసం విషయంలోనూ ఆధారాలు బలంగానే ఉన్నాయి. బ్రిటన్‌లో 119 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్, ఛాతీ పొర క్యాన్సర్ రోగులతో జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, నర్సులు నడిపిన కేంద్రాల్లో శ్వాసను అదుపు చేసుకోవడం, పనుల మధ్య విరామం పాటించడం, భయాన్ని మాటల్లో పెట్టడం నేర్చుకున్నవారికి ఆయాసంతో పాటు శారీరక సామర్థ్యం, మానసిక స్థితి కూడా మెరుగుపడ్డాయి. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యానును ముఖానికి ఎదురుగా పెట్టుకుంటే ఆయాసం తగ్గుతుందని కేంబ్రిడ్జిలో 50 మందితో జరిగిన ప్రయోగం 2010లో చూపింది. ముక్కు, పెదవుల చుట్టూ ఉన్న నాడులకు చల్లగాలి తగలడం వల్ల ఊపిరాడనితనం తగ్గినట్టు అనిపిస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు పుండు నుంచి వెలువడే దుర్వాసన రోగిని మనుషులకు దూరం చేస్తుంది. ఆ వాసనకు కారణమైన సూక్ష్మజీవులను మెట్రోనిడజోల్ మాత్రలను పొడిచేసి పుండు మీద చల్లడం ద్వారా అదుపు చేయవచ్చని మన దేశపు పాలియేటివ్ (బాధను తగ్గించే సంరక్షణ) నర్సులు కుటుంబాలకు నేర్పుతున్నారు. కొద్ది రూపాయల ఖర్చుతో అయ్యే ఈ పని వల్ల, వేరే గదిలో ఒంటరిగా పడి ఉన్న మనిషి మళ్లీ నలుగురి మధ్య కూర్చోగలుగుతాడు.

ఏది ఇంట్లో చక్కబెట్టుకోవాలో, దేనికి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలో తెలియడం ఈ నేర్పులన్నింటికంటే ముఖ్యం. కీమో తీసుకుంటున్నవారికి ఒళ్లు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించి కాలితే అది పారాసెటమాల్ వేసి పడుకోబెట్టే జ్వరం కాదు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో కొత్తగా నడుం నొప్పి లేచి కాళ్లలో బలం తగ్గుతుంటే, వెన్నుపాము నలిగి కాళ్లు శాశ్వతంగా చచ్చుబడకముందే, ఆ రోజే వైద్యుడి దగ్గరికి చేరాలి. ఇలాంటి నాలుగైదు ప్రమాద సూచనలను ఒక కాగితం మీద తెలుగులో రాసి, కింద పగలూ రాత్రీ పలికే ఫోన్ నంబరు వేసి ఇవ్వని స్వీయ నిర్వహణ శిక్షణ అసంపూర్ణమే.

పరిశోధనలు ఏం తేల్చాయి

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల్లో, పల్లెలే ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, మేరీ బకిటాస్ నాయకత్వంలో జరిగి 2009లో వెలువడిన ప్రయోగం ఈ రంగంలో మైలురాయి. అందులో 322 మంది ముదిరిన క్యాన్సర్ రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి పాలియేటివ్ శిక్షణ పొందిన నర్సులు వారానికొకటి చొప్పున నాలుగు పాఠాలు ఫోన్‌లో చెప్పారు. సమస్యను విడగొట్టి పరిష్కరించుకోవడం, లక్షణాలను అదుపు చేసుకోవడం, వైద్యులతో మాట్లాడడం, రాబోయే నిర్ణయాల గురించి ముందే ఆలోచించుకోవడం ఆ పాఠాల సారం. తరువాత నెల నెలా పలకరించారు. వారి జీవన నాణ్యత, మానసిక స్థితి మెరుగుపడ్డాయి, లక్షణాల తీవ్రత మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఈ రెండో ఫలితాన్ని దాచిపెట్టనవసరం లేదు. మాటతోడు మనసుకు బలమిస్తుంది గాని, నొప్పి మందుకు ప్రత్యామ్నాయం కాదని అది స్పష్టంగా చెబుతోంది.

మరుసటి ఏడాది బోస్టన్‌లో జెనిఫర్ టెమెల్ బృందం 151 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులతో చేసిన ప్రయోగంలో, రోగం బయటపడిన కొద్ది వారాల్లోనే పాలియేటివ్ వైద్యులను, ఉన్నత శిక్షణ పొందిన నర్సులను కలుస్తూ వచ్చినవారిలో దిగులు తగ్గింది, జీవన నాణ్యత పెరిగింది. చివరి రోజుల్లో వారికి తీవ్రమైన చికిత్సలు తక్కువగా జరిగినా, మధ్యగత (సగం మంది దాటిన) జీవితకాలం 8.9 నెలల బదులు 11.6 నెలలుగా నమోదైంది. న్యూయార్క్‌లో ఈథన్ బాష్ బృందం 766 మంది రోగులతో చేసిన ప్రయోగంలో, కీమో తీసుకుంటున్నవారు తమ లక్షణాలను కంప్యూటర్‌లో నమోదు చేస్తూ, బాధ పెరిగినప్పుడు ఆ హెచ్చరిక నేరుగా నర్సుకు చేరేలా ఏర్పాటు జరిగింది. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ వర్గపు మధ్యగత జీవితకాలం 31.2 నెలలు, మామూలు సేవల వర్గానిది 26 నెలలు. 2022లో వెలువడిన మరో పెద్ద ప్రయోగం అమెరికాలోని 52 కేంద్రాల్లో 1191 మందితో జరిగి, అలాంటి నమోదు వల్ల రోగుల లక్షణాలు, శారీరక సామర్థ్యం, జీవన నాణ్యత మెరుగుపడతాయని నిర్ధారించింది. ఈ ప్రయోగాలను కలిపి చూస్తే తేలేది ఒక్కటే. రోగి చెప్పడం సగం పని మాత్రమే, చెప్పినదానికి అవతలి నుంచి స్పందించే నర్సు ఉండడం మిగిలిన సగం. స్పందించే మనిషి లేని యాప్ గాని, కరపత్రం గాని ఈ ఫలితాలను ఇవ్వగలదని నమ్మడానికి ఈ ప్రయోగాల్లో ఆధారం లేదు.

నర్సుకు కావలసిన నైపుణ్యం

స్వీయ నిర్వహణకు తోడ్పడడం సలహాలు చదివి వినిపించడం కాదు. ఈ తోడ్పాటుకు పరిశోధకులు ఐదు మెట్లు చెబుతారు. రోగికి ఏం తెలుసో, ఏది ముఖ్యమో, దేనికి భయపడుతున్నాడో తెలుసుకోవడం మొదటి మెట్టు. అతనికి సరిపడే సమాచారం ఇవ్వడం రెండవది. ఇద్దరూ కలిసి ఒక చిన్న లక్ష్యాన్ని ఒప్పుకోవడం మూడవది. దానికి అడ్డుపడేవాటిని తొలగించడంలో సాయపడడం నాలుగవది. మళ్లీ ఎప్పుడు కలవాలో, ఎవరిని కలవాలో ఏర్పాటు చేయడం ఐదవది. ఆచరణలో చాలాచోట్ల రెండో మెట్టు దగ్గరే పని ఆగిపోతుంది. మందుల గురించి చెప్పినంత ధైర్యంగా నర్సులు దిగులు గురించి, దాంపత్యం గురించి, మరణ భయం గురించి మాట్లాడలేకపోవడానికి వారి స్వభావం కంటే శిక్షణలోని లోపం, వార్డులోని రద్దీ ఎక్కువ కారణాలు.

చెప్పినది చేరిందో లేదో తెలుసుకునే పద్ధతికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. అర్థమైందా అని అడిగితే అర్థమైందనే అందరూ అంటారు. దానికి బదులు, “పెద్దమ్మా, ఈ రెండు మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మీ కోడలికి చెప్పినట్టు ఒకసారి నాకు చెప్పండి” అని నర్సు అడిగితే, పొరపాటు ఎక్కడుందో అక్కడికక్కడే బయటపడుతుంది. చదువురాని రోగికి పొద్దున మాత్ర మీద సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్ర మీద చంద్రుడి బొమ్మ గీసి ఇవ్వడం కూడా ఇలాంటి పద్ధతే.

తెలుగు నేల మీద

తెలుగు రాష్ట్రాల్లో ఈ తోడ్పాటుకు కొన్ని సొంత ముడులు ఉన్నాయి. పొగాకు, గుట్కా వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు వల్ల ఆడవారిలో అంగుడి క్యాన్సర్ రావడం వైద్య సాహిత్యంలో ఎప్పటినుంచో నమోదై ఉంది. ఇలాంటి రోగులకు మాట, మింగడం రెండూ దెబ్బతింటాయి. ముక్కు గొట్టం ద్వారా గంజి, పాలు పట్టే పని ఇంటివారి మీద పడుతుంది. కాబట్టి ఇక్కడ స్వీయ నిర్వహణ అనేది ఒంటరి మనిషి వ్యవహారం కాదు, కుటుంబం మొత్తం చేసే పని.

ఆ కుటుంబమే ఒక్కోసారి అడ్డుగోడ కూడా అవుతుంది. జబ్బు పేరు చెబితే తట్టుకోలేరని రోగికి తప్ప ఇంటిల్లిపాదికీ విషయం తెలిసి ఉండడం, వైద్యుడి గదిలోకి కొడుకు ముందుగా వచ్చి నాన్నకు చెప్పకండి అని బతిమాలడం, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న సంతానం ఫోన్‌లోనే చికిత్స నిర్ణయించడం మామూలే. కీమో ఇప్పించి, కరెంటు (రేడియేషన్) పెట్టించి కూడా పేరు దాచిన చోట రోగిని నిర్ణయాల్లో భాగస్వామిని చేయడం సాధ్యం కాదు. ఈ దాపరికం ప్రేమలోంచి పుట్టినదే గనుక, కుటుంబాన్ని దోషిగా నిలబెట్టి దానిని ఛేదించలేరు. తన జబ్బు గురించి రోగికి ఎంత తెలుసో, ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉందో రోగినే మెల్లగా అడిగి, ఆ జవాబును కుటుంబం ముందు పెట్టడం అనుభవజ్ఞులైన నర్సులు అనుసరించే దారి. చాలాసార్లు రోగికి అప్పటికే అంతా తెలిసి ఉంటుంది.

మందుల లభ్యత మరో ముడి. 1985 నాటి మత్తుమందుల చట్టపు కఠిన నిబంధనలు మార్ఫిన్‌ను రోగులకు దూరం చేశాయి. 2014 సవరణ ఆ నిబంధనలను సడలించినా, అన్ని జిల్లాలకూ మందు ఇంకా చేరలేదు. వేళకు మాత్ర వేసుకోవాలని నేర్పిన నర్సు, ఆ మాత్ర దొరికే చోటును చూపించలేకపోతే ఆ పాఠం వృథా. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, తెలంగాణ జిల్లాల్లో ఏర్పడిన పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే బృందాలు ఈ దిశలో గట్టి పునాది. ఆరోగ్యశ్రీ 2007 నుంచి శస్త్రచికిత్సకూ కీమోకూ పేదలకు దారి తెరిచింది, ఇంటి దగ్గరి సంరక్షణకు మాత్రం అంతటి బలం ఇంకా రాలేదు. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో ఒక చిన్న క్లినిక్‌తో మొదలైన కేరళ ఉద్యమం, 2008 నాటి రాష్ట్ర విధానంతో పంచాయతీల స్థాయికి చేరింది. అక్కడ శిక్షణ పొందిన సామాజిక నర్సులే ఇంటింటి సంరక్షణకు వెన్నెముక. ఉగాండా 2004లోనే ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు మార్ఫిన్ రాసే అధికారం ఇచ్చింది. మన దేశంలో ఆ అధికారం వైద్యులకే పరిమితం.

హద్దులు, అభ్యంతరాలు

స్వీయ నిర్వహణ భావన మీద వచ్చే విమర్శల్లో బలమైనది, ఆసుపత్రులు తమ భారాన్ని తగ్గించుకోవడానికి దానిని సాకుగా వాడుకుంటాయన్నది. ఆ భయం నిరాధారం కాదు. మంచాలు ఖాళీ చేయించడానికి చేతిలో కాగితం పెట్టి పంపడాన్ని స్వీయ నిర్వహణ అని పిలిస్తే, అది రోగిని వదిలేయడానికి పెట్టిన అందమైన పేరు అవుతుంది. రెండో విమర్శ ఆధారాల గురించినది. పైన చెప్పిన ప్రయోగాలన్నీ సంపన్న దేశాల్లో జరిగినవి, తెలుగు పల్లెల్లో అవే ఫలితాలు వస్తాయని ముందుగానే అనుకోవడం శాస్త్రీయం కాదు. మూడవది, జబ్బు చివరి వారాల్లో రోగి ఏ పనీ చేసుకోలేని స్థితికి చేరతాడు. అప్పుడు అతని చేతిలోని పనులను ఒక్కొక్కటిగా, గౌరవం చెడకుండా, తిరిగి తీసుకోవడం కూడా తోడ్పాటులో భాగమే. ఎంత అప్పగించాలో తెలిసిన నర్సు కంటే, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో తెలిసిన నర్సు ఎక్కువ అనుభవశాలి.

ఈ విమర్శలన్నీ ఒప్పుకున్నాక కూడా మొత్తం సాక్ష్యం ఒకవైపే మొగ్గుతోంది. నిలకడగా తోడుండే, స్పందించే నర్సు ఉన్నచోట ముదిరిన క్యాన్సర్‌తో బతికేవారి జీవితం మెరుగవుతుంది, ఆ నర్సు లేనిచోట స్వీయ నిర్వహణ రోగి నెత్తిన మరో బరువు అవుతుంది. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ప్రతి క్యాన్సర్ రోగికి పేరుతో తెలిసిన ఒక నర్సును, రాత్రిపూట కూడా పలికే ఒక ఫోన్ నంబరును కేటాయించడం, నర్సింగ్ పాఠ్యక్రమంలో పాలియేటివ్ సంభాషణను ఆచరణాత్మకంగా నేర్పడం, ఏఎన్ఎంలకూ ఆశా కార్యకర్తలకూ ప్రమాద సూచనలపై తర్ఫీదు ఇవ్వడం, ప్రతి జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ నిల్వ ఉంచడం, వైద్యుల పర్యవేక్షణలో దాని మోతాదును సవరించే అధికారాన్ని శిక్షణ పొందిన నర్సులకు ఇవ్వడం అనే ఐదు పనులను ప్రభుత్వాలు ఇక వాయిదా వేయకూడదు. ఖరీదైన యంత్రాలకు నిధులు దొరుకుతున్న రాష్ట్రాలకు ఈ ఐదింటి ఖర్చు పెద్దది కాదు.